యూక్లిడ్ వృత్తలేఖినిని ఎందుకు పైకెత్తలేదు?

తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఒక పని చెప్పండి. కాగితం మీద ఒకచోట ఒక రేఖాఖండం ఉంది, మరోచోట ఒక బిందువు ఉంది. ఆ బిందువు దగ్గర మొదలయ్యేలా అంతే పొడవున్న ఇంకో రేఖాఖండం గీయాలి. వాడు క్షణం కూడా ఆలోచించడు. వృత్తలేఖిని ముల్లు ఒక కొస మీద పెట్టి, పెన్సిల్ మొనను రెండో కొస దాకా తెరిచి, అలాగే ఎత్తి బిందువు మీద పెట్టి చాపం గీస్తాడు. పని అయిపోయింది.

క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో 'ఎలిమెంట్స్' రాసిన యూక్లిడ్‌కి ఇదే పనికి ఒక సమబాహు త్రిభుజం, పొడిగించిన రెండు గీతలు, రెండు వృత్తాలు కావలసి వచ్చాయి. 13 పుస్తకాల ఆ గ్రంథంలో మొదటి పుస్తకం, రెండో ప్రతిపాదన ఇదే. మొదటిసారి చదివినప్పుడు నాకు విసుగొచ్చింది. అర నిమిషంలో అయ్యే పనికి ఇంత దూరం తిరిగి రావడం దేనికి? ఆ విసుగు ఆశ్చర్యంగా మారడానికి నాకు చాలా రోజులు పట్టింది. ప్రాచీన గ్రీకుల జ్యామితీయ నిర్మాణం అంటే ఏమిటో ఈ ఒక్క ప్రతిపాదనలోనే ఉంది.

కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని చేసి చూడండి. ఇచ్చిన బిందువు పేరు క. ఇచ్చిన రేఖాఖండం చ-ట. ముందు క, చ లను కలపాలి. ఆ క-చ మీద ఒక సమబాహు త్రిభుజం నిలబెట్టాలి, దాని మూడో శీర్షం త. ఇప్పుడు త-క గీతను క దాటించి, త-చ గీతను చ దాటించి పొడిగించాలి. చ కేంద్రంగా, చ-ట వ్యాసార్ధంగా వృత్తం గీస్తే, అది పొడిగించిన త-చ గీతను ప దగ్గర ఖండిస్తుంది. తర్వాత త కేంద్రంగా, త-ప వ్యాసార్ధంగా ఇంకో పెద్ద వృత్తం. అది పొడిగించిన త-క గీతను మ దగ్గర ఖండిస్తుంది. మనకు కావలసిన గీత క-మ.

నిరూపణ నాలుగు మాటల్లో అయిపోతుంది. త-మ, త-ప ఒకే వృత్తం వ్యాసార్ధాలు, కాబట్టి సమానం. వాటిలోంచి త-క, త-చ తీసేయండి. అవి సమబాహు త్రిభుజం భుజాలు, కాబట్టి అవీ సమానమే. మిగిలిన క-మ, చ-ప సమానం కాక తప్పదు. చ-ప చిన్న వృత్తం వ్యాసార్ధం కనుక చ-ట అంతే ఉంటుంది. అంటే క-మ పొడవు చ-ట పొడవే. ఎక్కడా కొలవలేదు, ఏ పొడవునూ గాల్లో మోసుకెళ్లలేదు.

ఇంత శ్రమ ఎందుకో తెలియాలంటే యూక్లిడ్ మొదట్లో పెట్టుకున్న స్వీకృతాలు, అంటే నిరూపణ అడగకుండా ఒప్పుకున్న మాటలు, చూడాలి. అవి అయిదు. అయిదోది సమాంతర రేఖల గురించినది, దాని పేరు ఎక్కువమంది వినే ఉంటారు. మన పనికి కావలసినవి మొదటి మూడు. ఏ రెండు బిందువుల మధ్యనైనా సరళరేఖ గీయవచ్చు. గీసిన రేఖను ఎంతైనా పొడిగించవచ్చు. ఏ కేంద్రంతోనైనా, ఏ దూరంతోనైనా వృత్తం గీయవచ్చు. ఈ మూడోది ఆయన వాడిన తీరు చూస్తే, ఆ దూరం కేంద్రం దగ్గరే మొదలై ఉండాలి. వేరేచోట ఉన్న దూరాన్ని తెచ్చి ఇక్కడ వాడుకోవచ్చని ఏ స్వీకృతమూ చెప్పదు. ఎత్తగానే కాళ్లు ముడుచుకుపోయే వృత్తలేఖినిని ఊహించుకోండి, యూక్లిడ్ చేతిలో ఉన్నది అదే.

వృత్తలేఖిని ఎత్తితే కాళ్లు కదలవని ఇంకో స్వీకృతం రాసుకుంటే సరిపోయేది. ఆయన రాసుకోలేదు. ఉన్న మూడింటితోనే ఆ పని సాధించవచ్చని చూపించాడు. ఒకసారి చూపించాక మూడో ప్రతిపాదన నుంచి పొడవుల్ని ఇష్టం వచ్చినచోటికి తీసుకెళ్తాడు, ఇక ఆయనను ఆపేవాళ్లు లేరు. అప్పు చేయకుండా ఇల్లు కట్టుకున్న మనిషి పద్ధతి ఇది. ప్రతి ఇటుకకీ లెక్క ఉంటుంది. గ్రీకు జ్యామితిలో నిర్మాణం కనిపించిన ప్రతిచోటా దాని వెనక ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఇది నీ చేతికి ఎలా వచ్చింది?

ఇంత జాగ్రత్తగల మనిషి మొదటి ప్రతిపాదనలోనే ఒకచోట జారాడు. ఇచ్చిన రేఖాఖండం మీద సమబాహు త్రిభుజం నిర్మించడం అందులోని పని. రెండు కొసలూ కేంద్రాలుగా, ఆ రేఖాఖండమే వ్యాసార్ధంగా రెండు వృత్తాలు గీస్తాం. అవి ఖండించుకున్న బిందువు మూడో శీర్షం. మనం బడిలో చేసేదీ ఇదే. మరి ఆ రెండు వృత్తాలూ ఖండించుకుంటాయని ఎవరు చెప్పారు? పటంలో కనిపిస్తోంది నిజమే, కానీ అయిదు స్వీకృతాల్లో ఏదీ ఆ మాట చెప్పదు. వృత్తరేఖలో ఎక్కడా ఖాళీ లేదనే హామీ కావాలి, అది యూక్లిడ్ దగ్గర లేదు. 19వ శతాబ్దం చివర్లో జ్యామితి పునాదుల్ని తిరగతోడినవాళ్లు ఇలాంటి లోటుల్ని పూడ్చారు, 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ కొత్త స్వీకృతాల పట్టికే ఇచ్చాడు. నాకు మాత్రం ఇది యూక్లిడ్ తప్పుగా కంటే ఆయన పద్ధతిని బయటపెట్టే ఆనవాలుగా కనిపిస్తుంది. ఆయనకు పటం కూడా వాదనలో ఒక భాగం. రెండు గీతలు ఎంత పొడవున్నాయో పటం చూసి ఎప్పుడూ చెప్పడు, కానీ ఒకదాన్నొకటి దాటుతున్నాయా లేదా అన్నది పటం నుంచే తీసుకుంటాడు.

'గీయండి' అనని భాష

మన పాఠ్యపుస్తకాల్లో నిర్మాణక్రమం ఎలా ఉంటుందో గుర్తుందిగా. 'ఏబీ రేఖాఖండాన్ని గీయండి. ఏ కేంద్రంగా చాపం గీయండి.' అన్నీ ఆజ్ఞలే. పక్కనే చిత్తుపటం, కింద దశలకు అంకెలు. మార్కులు కూడా ఆ దశలకే పడతాయి. అందుకే నిర్మాణం అంటే చేతిపని అని, సిద్ధాంతం అంటే బుర్రపని అని మనలో చాలామందికి నాటుకుపోయింది.

యూక్లిడ్ గ్రీకులో అలా రాయడు. ఆయన వాడే క్రియారూపం మనకు వింతగా ఉంటుంది. దాన్ని తెలుగులోకి తెస్తే 'వృత్తం గీయబడి ఉండుగాక' అని వస్తుంది. ఎవరు గీశారో చెప్పడు. ఎప్పుడు గీశారో చెప్పడు. గీయడం అప్పటికే అయిపోయింది, మనం చూసేసరికి వృత్తం అక్కడ ఉంది. నిర్మాణం చెబుతున్నా, చేయి కదలడం ఎక్కడా కనిపించదు. స్కేలు, వృత్తలేఖిని అనే పనిముట్ల పేర్లు కూడా ఆ 13 పుస్తకాల్లో రావు. గీత ఉంది, వృత్తం ఉంది, అంతే.

ఈ మాటతీరు ఊరికే వచ్చిందని నేను అనుకోను. యూక్లిడ్‌కి రెండు తరాల ముందే ప్లేటో తన 'రిపబ్లిక్'లో జ్యామితివేత్తల భాషను విమర్శించాడు. చతురస్రం చేయడం, గీత కలపడం అంటూ ఏదో పని జరుగుతున్నట్టు మాట్లాడతారనీ, నిజానికి వాళ్ల శాస్త్రం ఎప్పటికీ మారకుండా ఉన్నదాన్ని తెలుసుకోవడం కోసమనీ ఆయన ఫిర్యాదు. త్రిభుజం ఎప్పుడూ ఉన్నదే అయితే దాన్ని 'నిర్మించడం' ఏమిటి? క్రీ.శ. 5వ శతాబ్దంలో ప్రోక్లస్ అనే తత్వవేత్త యూక్లిడ్ మొదటి పుస్తకం మీద రాసిన వ్యాఖ్యానం వల్ల ఈ తగవు ఎంత ముదిరిందో తెలుస్తోంది. ప్లేటో మేనల్లుడు స్ప్యూసిప్పస్ పక్షంవాళ్లు అన్నింటినీ సిద్ధాంతాలే అనాలన్నారు, శాశ్వతమైనవాటికి పుట్టుక ఉండదు కనుక. మెనైక్మస్ పక్షంవాళ్లు అన్నీ సమస్యలే అన్నారు. ఇక్కడ సమస్య అంటే ఏదో ఒకటి చేసి చూపమని అడిగేది. ఈ మెనైక్మస్‌ను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ కలుస్తాం.

యూక్లిడ్ ఏ పక్షమూ చేరలేదు, రెండింటినీ ఉంచాడు. ఆయన ప్రతిపాదనలు రెండు రకాలు, దేనికి దాని ముగింపు వాక్యం ఉంది. సిద్ధాంతం చివర 'చూపవలసినది ఇదే' అంటాడు. నిర్మాణం చివర 'చేయవలసినది ఇదే' అంటాడు. అయితే నిర్మాణం కూడా గీసి వదిలేయడంతో ముగియదు. గీసింది అడిగినదేనని నిరూపించాకే ఆ వాక్యం వస్తుంది. అలాగే సిద్ధాంతాల మధ్యలో కూడా నిర్మాణం ఉంటుంది. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలని చూపడానికి ఒక శీర్షం గుండా సమాంతర రేఖ గీస్తాం కదా, అలాంటిది. ఆ రేఖ గీయవచ్చని 31వ ప్రతిపాదన చెప్పాకే 32వ ప్రతిపాదన దాన్ని వాడుకుంటుంది.

ఉందని చెప్పడానికా, తెచ్చుకోవడానికా?

ఇక్కడ చరిత్రకారుల మధ్య చిక్కుముడి ఒకటి ఉంది. డెన్మార్క్ గణితవేత్త జ్యూతెన్ 1896లో ఒక వాదన ముందుకు తెచ్చాడు. గ్రీకులు నిర్మాణాలు చేసింది ఆయా ఆకారాలు నిజంగా ఉన్నాయని రుజువు చేయడానికే అన్నాడు. నిర్వచనం ఇచ్చినంత మాత్రాన వస్తువు ఉన్నట్టు కాదు. రెండు లంబకోణాలున్న త్రిభుజం అని మనం నిర్వచించవచ్చు, అలాంటిది సమతలం మీద ఉండదు. నిర్మించి చూపిస్తే ఆ అనుమానం పోతుంది.

ఈ వాదనకు బలమైన సాక్ష్యం 'ఎలిమెంట్స్'లోనే ఉంది. చతురస్రం నిర్వచనం మొదటి పుస్తకం మొదట్లోనే వస్తుంది. కానీ యూక్లిడ్ 46వ ప్రతిపాదనలో చతురస్రాన్ని నిర్మించేదాకా దాన్ని ఎక్కడా వాడడు. ఆ వెంటనే 47వది, మనం పైథాగరస్ సిద్ధాంతం అని పిలిచేది. మూడు భుజాల మీదా మూడు చతురస్రాలు నిలబెట్టే ముందు, చతురస్రం నిలబెట్టడం వచ్చని చూపించుకున్నాడు.

1983లో విల్బర్ నార్ అనే చరిత్రకారుడు ఈ అభిప్రాయాన్ని గట్టిగా ఎదుర్కొన్నాడు. నాకు ఆయన మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. ఉనికి మీద అంత పట్టింపే ఉంటే గ్రీకులు అన్నిచోట్లా అలాగే ఉండాలి కదా, కానీ లేరు. 12వ పుస్తకం రెండో ప్రతిపాదన చూడండి. వృత్తాల వైశాల్యాలు వాటి వ్యాసాల మీది చతురస్రాల నిష్పత్తిలో ఉంటాయని అక్కడ చూపుతారు. ఆ వాదనలో మూడు పరిమాణాలకు తగిన నాలుగో అనుపాత పరిమాణం (మొదటిదానికీ రెండోదానికీ ఉన్న నిష్పత్తే మూడోదానికీ తనకూ ఉండేది) ఒకటి ఉందని ఊరికే అనుకుంటారు, నిర్మించరు. ఆర్కిమెడిస్ వృత్త వైశాల్యాన్ని, వ్యాసార్ధం ఒక భుజంగా, పరిధి అంత పొడవున్న సరళరేఖ ఇంకో భుజంగా గల లంబకోణ త్రిభుజంతో సమానం చేస్తాడు. పరిధి అంత సరళరేఖను గీయడం ఎలాగో అక్కడ చెప్పడు, అలాంటి గీత ఉండటం గురించి ఆయనకు సందేహమూ లేదు. ఇక రేఖాఖండానికి మధ్యబిందువు ఉందా అని ఏ గ్రీకు అయినా అనుమానించి ఉంటాడా? అయినా పదో ప్రతిపాదన దాన్ని కనుక్కునే దారి చెబుతుంది.

కాబట్టి వాళ్లు వెతికింది ఉందో లేదో అన్నది ఒక్కటే కాదు. ఉన్నదాన్ని ఇచ్చినవాటి నుంచి ఏ దారిలో రాబట్టాలన్నదే అసలు వెతుకులాట. బావిలో నీళ్లున్నాయని తెలిసినా, చేద, తాడు ఉంటేనే దాహం తీరేది.

ఎంత తాడు కావాలన్నదే తర్వాతి కథ.

స్కేలు, వృత్తలేఖిని మాత్రమేనా?

గ్రీకులు స్కేలు, వృత్తలేఖిని తప్ప ఇంకేదీ ముట్టుకోలేదని చాలాచోట్ల చదువుతాం. అది నిజం కాదు. ఆ కట్టుబాటు 'ఎలిమెంట్స్' స్వీకృతాల నుంచి వచ్చింది, ఆ గ్రంథం బయట గ్రీకు గణితం చాలా విశాలంగా ఉంది. అది తెలియాలంటే ఘనాన్ని రెట్టింపు చేసే సమస్య దగ్గరికి వెళ్లాలి.

ముందు చతురస్రాన్ని రెట్టింపు చేయడం చూద్దాం. ప్లేటో 'మెనో' సంభాషణలో సోక్రటీస్ చదువు రాని ఒక బానిస కుర్రవాడితో ఈ పని చేయిస్తాడు. కుర్రవాడు ముందు భుజాన్ని రెట్టింపు చేస్తానంటాడు, నాలుగు రెట్లు వచ్చేస్తుంది. చివరికి కర్ణం మీద గీసిన చతురస్రం సరిగ్గా రెట్టింపు అవుతుందని తేలుతుంది. మన శుల్బసూత్రాల్లో బౌధాయనుడు చెప్పిందీ ఇదే, చతురస్రం కర్ణానికి పట్టిన తాడు రెండింతల భూమిని చేస్తుందని. తెలుగిళ్లలో ప్రవర చెప్పేటప్పుడు వినిపించే ఆపస్తంబుడి పేరుతో కూడా ఒక శుల్బసూత్రం ఉంది. యజ్ఞవేదిక కొలతల కోసం పుట్టిన ఆ శాస్త్రంలో, రెండింతల చతురస్రాన్ని చేసే ఆ తాడు పేరు ద్వికరణి. కరణి అంటే చేసేది. వర్గమూలాలకు మనం వాడే 'కరణి', సంఖ్యల పాఠంలో కనిపించే 'కరణీయ సంఖ్య' అక్కడి నుంచి వచ్చినవే. రెండు వర్గమూలం అనగానే 1.414 గుర్తొచ్చే మనకు, ఆ మాట లోపల ఒక నిర్మాణం దాక్కుని ఉందని తట్టదు.

చతురస్రం ఇంత తేలిగ్గా లొంగితే ఘనం లొంగలేదు. డెలోస్ ద్వీపంలో తెగులు వ్యాపిస్తే, ఘనాకారంలో ఉన్న బలిపీఠాన్ని రెట్టింపు చేయమని దైవవాణి చెప్పిందని కథ. భుజాన్ని రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు వస్తుంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో కియోస్ ద్వీపానికి చెందిన హిప్పోక్రటీస్ దీన్ని ఇంకో సమస్యగా మార్చాడు. (ఈయన వైద్యుడు హిప్పోక్రటీస్ కాదు, అతనిది కోస్ ద్వీపం.) భుజం ఒకటి, దానికి రెట్టింపు గీత ఒకటి తీసుకుని, ఆ రెంటి మధ్య రెండు అనుపాత మధ్యమాలు (భుజం నుంచి రెట్టింపు గీత దాకా ప్రతి పొడవుకూ దాని తర్వాతిదానితో ఒకే నిష్పత్తి ఉండేలా మధ్యలో పడే రెండు పొడవులు) కనుక్కుంటే వాటిలో మొదటిది రెట్టింపు ఘనం భుజం అవుతుంది. ఒక మధ్యమాన్ని అర్ధవృత్తంతో కనుక్కోవడం మనకు తెలుసు. రెండు మధ్యమాలకు వృత్తాలు చాలవు.

టారెంటమ్ పాలకుడు కూడా అయిన ఆర్కైటస్ దీనికి మూడు వంపు తలాలు తెచ్చాడు. ఒక స్థూపం, ఒక శంకువు, చిల్లు పూర్తిగా మూసుకుపోయిన గారెలాంటి ఇంకో రూపం. మూడూ కలిసే బిందువులో జవాబు ఉంది. కాగితం మీద గీయలేనిదాన్ని, కళ్లు మూసుకుని శూన్యంలో తిప్పి చూసిన ఆ మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అన్నీ సమస్యలే అన్న పక్షంలోని మెనైక్మస్ వేరే దారి పట్టాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే, భుజం ఒక యూనిట్ అనుకుంటే మధ్యమాలు రెండు షరతులకు లొంగాలి: మొదటిదాని వర్గం రెండోదానికి సమానం, రెండింటి లబ్ధం 2. మొదటి షరతు గీసేది పరావలయం, రెండోది గీసేది అతిపరావలయం. అవి ఖండించుకున్నచోట జవాబు. శంకువును కోస్తే వచ్చే ఇలాంటి వక్రాలే శాంకవాలు, అవి గణితంలోకి వచ్చిందే ఇలా అని చెబుతారు. తర్వాత ఎరటోస్తనీస్ జరిపే పలకలతో ఒక పరికరమే చేసి, దాని కంచు నమూనాను మూడో టాలమీ రాజు పేర ప్రతిష్ఠించాడు, కింద పద్యం కూడా చెక్కించాడు. ఈ పరిష్కారాలన్నిటినీ క్రీ.శ. 6వ శతాబ్దంలో యుటోకియస్ ఒకచోట చేర్చబట్టి మనకు దక్కాయి.

కోణాన్ని మూడు సమభాగాలు చేయడానికి అందరికంటే అందమైన దారి ఆర్కిమెడిస్ పేరుతో అరబ్బీలో మిగిలిన ఒక చిన్న పుస్తకంలో ఉంది. అక్కడి పటానికి కావలసిందల్లా అంచు మీద రెండు గుర్తులు పెట్టిన స్కేలు. కోణం శీర్షం కేంద్రంగా వృత్తం గీసి, ఆ వ్యాసార్ధం అంత ఎడంగా స్కేలు మీద రెండు గుర్తులు పెట్టండి. కోణం ఒక భుజాన్ని శీర్షం వెనక్కి పొడిగించండి. రెండో భుజం వృత్తాన్ని తాకిన బిందువు గుండా స్కేలు పోయేలా పట్టుకుని, ఒక గుర్తు వృత్తం మీద, రెండోది వెనక్కి పొడిగించిన గీత మీద పడేదాకా జరపండి. స్కేలుకూ ఆ గీతకూ మధ్య ఏర్పడిన కోణం అసలు కోణంలో సరిగ్గా మూడో వంతు. రెండు సమద్విబాహు త్రిభుజాలు, బాహ్యకోణం సూత్రం తెలిస్తే నిరూపణ మీరే చేసుకోగలరు. చిన్న కోణం ఒక పాలు అయితే, వృత్తం లోపలి త్రిభుజంలో సమకోణాలు రెండేసి పాళ్లు, బయటి పెద్ద కోణం ఒకటీ రెండూ కలిపి మూడు పాళ్లు.

ఇలా గుర్తుల స్కేలును జరిపి అమర్చడాన్ని గ్రీకులు నెయుసిస్ అన్నారు. ఇది మోసం అని అప్పట్లో అన్నట్టు కనిపించదు. కానీ దీనికి ఎంత బలం కావలసి వచ్చింది అని అడిగారు. క్రీ.శ. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గణితవేత్త పాపస్ సమస్యల్ని మూడు జాతులుగా విడగొట్టాడు: గీతలు, వృత్తాలతో తీరేవి సమతల సమస్యలు, శాంకవాలు కావలసినవి ఘన సమస్యలు, ఇంకా క్లిష్టమైన వక్రాలు కావలసినవి మూడో జాతి. సమతల సమస్యను శాంకవాలతో తీర్చడం చిన్న తప్పు కాదని ఆయన హెచ్చరించాడు. చీమను చంపడానికి రోకలి ఎత్తొద్దని మన పెద్దలు అన్నట్టే. పూర్వులు కోణ త్రిభాగానికి గీతలు, వృత్తాలతోనే ప్రయత్నించి విఫలమైంది, అది స్వభావంచేత ఘన సమస్య కాబట్టే అని కూడా ఆయనే రాశాడు.

వృత్తానికి సమానమైన చతురస్రం సంగతిలో ఈ పరీక్ష ఇంకా పదునెక్కింది. ఒక గీత సమవేగంతో తిరుగుతుంటే, ఇంకో గీత సమవేగంతో కిందికి దిగుతుంటే, రెండూ ఒకేసారి గమ్యం చేరేలా చేస్తే, అవి కలుసుకునే బిందువు ఒక వక్రాన్ని గీస్తుంది. దాని సాయంతో వృత్తాన్ని చతురస్రం చేయవచ్చు. దీనికి స్పోరస్ చెప్పిన అభ్యంతరాన్ని పాపస్ నమోదు చేశాడు. రెండు గీతలూ ఒకేసారి చేరాలంటే వాటి వేగాల నిష్పత్తి ముందే తెలియాలి. ఆ నిష్పత్తి అంటే వృత్తపాదానికీ వ్యాసార్ధానికీ ఉన్న నిష్పత్తే, మనం కనుక్కోవాలనుకున్నది కూడా అదే. దొంగచాటుగా జవాబును జేబులో పెట్టుకుని బయల్దేరినట్టు. యూక్లిడ్ రెండో ప్రతిపాదన అడిగిన ప్రశ్నే మళ్లీ: ఇది నీ చేతికి ఎలా వచ్చింది?

ఏడు భుజాల దగ్గర

స్కేలు, వృత్తలేఖిని హద్దు ఎక్కడుందో చివరికి తేల్చింది బీజగణితం. సరళరేఖ మొదటి తరగతి సమీకరణం, వృత్తం రెండో తరగతిది (తరగతి అంటే సమీకరణంలో తెలియనిదానికి ఉన్న అతి పెద్ద ఘాతం). వాటి ఖండన బిందువులు కనుక్కోవడానికి వర్గమూలాన్ని మించినది అవసరం పడదు. కాబట్టి ఎన్ని దశలు వేసినా చేరగలిగే పొడవుల సమీకరణం తరగతి 1, 2, 4, 8, 16 ఇలా 2 యొక్క ఘాతాల్లోనే ఉంటుంది. ఘనాన్ని రెట్టింపు చేసే పొడవుకు తరగతి 3. అరవై డిగ్రీల కోణాన్ని మూడు చేయడానికీ 3. ఆ వరసలో మూడు లేదు. 1837లో ఫ్రాన్స్‌కు చెందిన వాంట్సెల్ ఈ రెండింటి అసాధ్యతను రుజువు చేశాడు. 1882లో లిండెమాన్ పై అనే సంఖ్య పూర్ణాంక గుణకాలున్న ఏ బీజగణిత సమీకరణానికీ మూలం కాదని చూపడంతో వృత్తం కథ కూడా ముగిసింది. పాపస్ 'స్వభావంచేత' అన్న మాటకు నిరూపణ రావడానికి పదిహేను వందల ఏళ్లు పట్టింది.

యూక్లిడ్ నాలుగో పుస్తకంలో వృత్తంలో క్రమ బహుభుజుల్ని అమరుస్తాడు. త్రిభుజం, చతురస్రం, పంచభుజి, షడ్భుజి. చివర పదిహేను భుజాలది. ఒకే శీర్షం నుంచి సమబాహు త్రిభుజం, క్రమ పంచభుజి గీస్తే, వాటి పక్క శీర్షాల మధ్య చాపం మూడో వంతులోంచి అయిదో వంతు పోగా పదిహేనింట రెండు వంతులు. దాన్ని సగం చేస్తే చాలు. ఆరు నుంచి పదిహేనుకు గెంతిన యూక్లిడ్ ఏడు గురించి ఒక్క ముక్క చెప్పడు. పదిహేడు భుజాలది సాధ్యమని 1796లో పద్దెనిమిదేళ్ల గౌస్ కనిపెట్టాడు, అక్కడి సమీకరణం తరగతి 16 కనుక. ఏడుకు మళ్లీ 3 అడ్డం వస్తుంది.

ఏడు భుజాల మీద ఆర్కిమెడిస్ పేరుతో ఒక గ్రంథం ఉంది. గ్రీకు మూలం పోయింది, 9వ శతాబ్దంలో సాబిత్ ఇబ్న్ ఖుర్రా చేతిమీదుగా అరబ్బీలో మిగిలింది. అందులోని నిర్మాణం అంతా ఒక మెట్టు మీద నిలబడింది. ఒక చతురస్రం మూల నుంచి గీత గీయాలి, దాని వల్ల ఏర్పడే రెండు త్రిభుజాల వైశాల్యాలు సమానం కావాలి. ఆ గీత దొరికితే సప్తభుజి వచ్చేస్తుంది. ఆ గీత ఎలా గీయాలో మాత్రం అందులో లేదు. 10వ శతాబ్దపు గణితవేత్తలు అక్కడే ఆగిపోయారు. పేరు ఆర్కిమెడిస్‌దే అయినా, గీత చేతికి రాకుండా ముందుకు వెళ్లడానికి వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లలో ఒకడైన అబూ సహ్ల్ అల్-కూహీ రెండు శాంకవాలు గీసి, అవి ఖండించుకున్నచోటి నుంచి సప్తభుజిని నిర్మించి చూపాడు.